పెళ్ళయి ఒడిశాకి వచ్చిన అమ్మాయి కుల సర్టిఫికెట్ ఇక్కడెందుకు చెల్లదు? ఢిల్లీని అడగాలా, భువనేశ్వర్‌నా?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. నేను తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దండి. మీది ఒడిశాలో పర్లాకిమిడి పక్క పల్లె. మీ ఇంటావిడ పుట్టిల్లు నదికి అవతల, ఆంధ్రాలో ఉన్న పాతపట్నం. ఇద్దరిదీ ఒకే కులం, ఆ కులం ఆంధ్రా ఎస్సీ జాబితాలోనూ ఉంది, ఒడిశా జాబితాలోనూ ఉంది. మీ పంచాయతీ సర్పంచ్ స్థానం ఎస్సీ మహిళకి రిజర్వయితే నిలబడాలని ఆవిడ కోరిక. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకెళితే తహసీల్ ఆఫీసులో తిప్పి పంపారు. ఆధార్ చెల్లుతోంది, పాతపట్నంలో కొన్న రైలు టికెట్టు చెల్లుతోంది, ఈ ఒక్క కాగితం నది దాటితే ఎందుకు చెల్లదు, దీనికి ఎవర్ని అడగాలి, అసలు కేంద్రం, రాష్ట్రం రెండింట్లో ఏది పెద్ద అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ సర్టిఫికెట్‌తో ఒడిశాలో రిజర్వుడు సీటుకి నిలబడలేరు, ఒడిశా రాష్ట్ర ఉద్యోగాల్లో కోటా అడగలేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి మాత్రం అది భేషుగ్గా పనికొస్తుంది. ఇందులో తహసీల్దారు మొండితనం ఏమీ లేదు. కలెక్టరు దగ్గరికి వెళ్ళినా, ముఖ్యమంత్రికి అర్జీ పెట్టినా ఇదే జవాబు, ఎందుకంటే వాళ్ళ చేతుల్లో ఉన్న విషయం కాదు.

నేను పర్లాకిమిడి కోర్టుల్లో ముప్పై ఏళ్ళ పైన ప్రాక్టీసు చేశాను. సరిహద్దు ఊళ్ళో వకీలు బతుకంటే సగం ఇదే పని, ఈ కాగితం ఆ గట్టున చెల్లుతుందా, ఆ కాగితం ఈ గట్టున చెల్లుతుందా అని. ఇదే విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. ప్రాక్టీసు పెట్టిన నాలుగో ఏడు, టెక్కలి నుంచి కోడలిగా వచ్చిన ఒకావిడకి ఉద్యోగం దరఖాస్తు కోసం ఒడిశా ఎస్సీ సర్టిఫికెట్ కావాలన్నారు. అదెంత పని అనుకున్నాను. నోటరీ అఫిడవిట్ ఒకటి, పెళ్ళి ఫొటో, మామగారి ఖతియాన్ (ఒడిశా భూమి రికార్డు) నకలు, ఊరి పెద్దల సంతకాలు జతపరిచి మూడుసార్లు పంపించాను, మూడుసార్లూ తిరిగొచ్చింది. నాలుగోసారి నేనే వెళ్ళాను. అక్కడి గుమాస్తా ఏమీ వాదించలేదు. ఆవిడ ఆంధ్రా సర్టిఫికెట్ లామినేషన్ మీద బాల్‌పెన్ను మొనతో ఒక లైను కింద గీత గీసినట్టు చూపించి, "వకీల్ బాబూ, ఇది చదవండి" అన్నాడు. కులం పేరు రాసిన చోటే, ఆ వెంటనే, "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి చెందిన" అని అచ్చయి ఉంది. నేను పదిసార్లు చూసిన కాగితమే. ఆ ముక్క ఎప్పుడూ చదవలేదు. ఈలోగా ఆవిడ దరఖాస్తు గడువు దాటిపోయింది. ఆ ఫీజు వెనక్కిచ్చేశాను గానీ పోయిన కాలాన్ని ఇవ్వలేను కదా.

ఆ ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే రాజ్యాంగం 341వ అధికరణం నుంచి. ఎస్సీ జాబితా దేశమంతటికీ ఒకటే కాదు. రాష్ట్రపతి గవర్నరుని సంప్రదించి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో జాబితా ప్రకటిస్తారు, "ఆ రాష్ట్రానికి సంబంధించి" మాత్రమే అని అందులోనే ఉంది. ఒకసారి ప్రకటించాక ఒక పేరు కలపాలన్నా తీసెయ్యాలన్నా పార్లమెంటు చట్టం చెయ్యాల్సిందే. ఎస్టీలకి 342. అంతరానితనం, వెనకబాటు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఎక్కడి కష్టానికి అక్కడే లెక్క అన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

దీన్ని సవాలు చెయ్యలేదా అంటే, చేశారు. మొదటి పెద్ద కేసు మనవాళ్ళదే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్ళిపోయిన కుర్రాడు అక్కడ మెడికల్ సీటుకి ఆంధ్రా ఎస్టీ సర్టిఫికెట్ పెట్టాడు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. మర్రి చంద్రశేఖరరావు కేసు అంటే వకీళ్ళందరికీ తెలుసు. కులం పేరు రెండు జాబితాల్లోనూ ఉంటే అన్న మీ ప్రశ్నకి 1994లో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం జవాబిచ్చింది, పేరు కలిసినంత మాత్రాన హక్కు కలవదని. ఇక అచ్చంగా మీ ఇంటి కథ లాంటిది 2018లో వచ్చింది. పంజాబులో పుట్టిన వాల్మీకి అమ్మాయి, ఉత్తరాఖండ్‌లో వాల్మీకి ఇంటికే కోడలిగా వెళ్ళింది, అక్కడా ఆ కులం జాబితాలో ఉంది. అయినా కోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి ఈ విషయం మీద మళ్ళీ కేసు వేస్తానని ఏ వకీలైనా ఫీజు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

నా సొంత అభిప్రాయం అడిగితే, చదువు కోసమో ఉద్యోగం కోసమో వలస వెళ్ళినవాళ్ళ విషయంలో ఈ నియమం సబబే అనిపిస్తుంది. పెళ్ళయి వచ్చిన ఆడపిల్లల విషయంలో మాత్రం కాదు. పాతపట్నంలో ఏ వివక్ష పడిందో ఆటో దిగి పర్లాలోనూ అదే పడుతుంది, మహేంద్రతనయ నది దాటినంత మాత్రాన కులం గుర్తు చెరిగిపోదు. కానీ చట్టం మారాలంటే పార్లమెంటే మార్చాలి, నా అభిప్రాయం కోర్టులో సాక్ష్యం కాదు.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న. ఢిల్లీ పెద్దదా, భువనేశ్వర్ పెద్దదా? ఊళ్ళో చాలామంది దీన్ని కలెక్టరు కింద తహసీల్దారు ఉన్నట్టు ఊహించుకుంటారు, ఢిల్లీ కింద భువనేశ్వర్ అని. అలా కాదు. అన్నదమ్ముల వాటాల పంపకంలా చూడండి. ఈ మడి నీది, ఆ మడి నాది, నుయ్యి ఇద్దరిదీ. ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి. 1950లో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు. తర్వాత సవరణల్లో కొన్ని అటూ ఇటూ జరిగాయి. రక్షణ, రైల్వే, పోస్టాఫీసు, బ్యాంకులు, పౌరసత్వం కేంద్రానివి. పోలీసు, భూమి, ఆసుపత్రులు, పంచాయతీలు, సారా రాష్ట్రానివి. చదువు, అడవులు, కరెంటు, పెళ్ళి, రిజిస్ట్రేషన్ ఉమ్మడివి. ఉమ్మడిలో ఇద్దరి చట్టాలూ ఢీకొంటే మామూలుగా కేంద్రానిదే నెగ్గుతుంది. రాష్ట్రం తన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రం వరకూ దానిది నిలుస్తుంది. ఎందులోనూ లేనివి, అంటే అప్పటివాళ్ళు ఊహించనివి, కేంద్రానికే పోతాయి.

ఈ మూడు జాబితాల పద్ధతి స్వతంత్రం వచ్చాక పుట్టింది కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోనే ఉంది. ఆ చట్టం కిందే 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం పుట్టింది, పర్లాకిమిడి జమీనూ అప్పుడే రెండు ముక్కలయింది. ఊరు ఒడిశాకి, పాతపట్నం వైపు మద్రాసుకి. మా మహారాజావారు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) అయ్యారు. అంటే మీ ఇంటావిడ కాగితాన్ని తిప్పి పంపిన సరిహద్దు గీతా, ఎవరి పని ఎవరిదో చెప్పే జాబితాలూ ఒకే చట్టం బిడ్డలు. పర్లాకిమిడిలో పుట్టినవాడికి రాజ్యాంగం బళ్ళో చెప్పక్కర్లేదని నేను జూనియర్లతో అంటుంటాను.

జాబితా బట్టీ పట్టడం కంటే నేను క్లయింట్లకి చెప్పేది ఒకటుంది. ఏ పని పడ్డా మూడు ప్రశ్నలు వేసుకోండి: చట్టం ఎవరు చేశారు? కౌంటర్లో కూర్చున్నది ఎవరి మనిషి? డబ్బు ఎవరి ఖాతాలోకి పోతుంది? ఈ మూడింటికీ ఒకటే జవాబు రావడం అరుదు.

రిజిస్ట్రేషన్ తీసుకోండి. మీ మావగారు పాతపట్నంలో ఇరవై సెంట్లు కూతురి పేర రాస్తారనుకుందాం. రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది, దేశమంతటికీ ఒకటే. సబ్‌రిజిస్ట్రారు రాష్ట్ర ఉద్యోగి. స్టాంపు డ్యూటీ రేటు రాష్ట్రం ఇష్టం, డబ్బూ రాష్ట్రానిదే. "చట్టం ఒకటే కదా, మా పర్లాలోనే చేయించండి" అని అడిగేవాళ్ళు నాకు ఏడాదికి ఇద్దరు ముగ్గురు తగిలేవారు. కుదరదు, ఆస్తి ఎక్కడుంటే అక్కడే రిజిస్టరు చెయ్యాలని ఆ చట్టంలోనే ఉంది. ఆ తర్వాత భూమి రికార్డులు పూర్తిగా రాష్ట్రం వ్యవహారం. అటు అడంగల్, ఇటు ఖతియాన్. అటు సెంటు, ఇటు డిసిమిల్, రెండూ ఎకరంలో నూరో వంతే. ఒక పెద్దాయన పాతిక డిసిమిళ్ళంటే పాతిక సెంట్లకంటే తక్కువేమోనని బేరం వదిలేసుకున్నాడు కూడా.

పెట్రోలు చూడండి. జీఎస్టీ 2017 జులై 1న వచ్చాక సబ్బుకీ బట్టకీ రెండు గట్టుల మీదా ఒకటే పన్ను, అమ్మకం పన్ను చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరడం పోయింది. పెట్రోలునీ తాగే మందునీ దాని బయట ఉంచారు, వాటి మీద రాష్ట్రం తన పన్ను తను వేసుకుంటుంది. అందుకే మా ఊరి బంకుల దగ్గర ఆంధ్రా నంబరు బళ్ళు కనిపిస్తాయి. ఆ జీఎస్టీ కౌన్సిల్లో ఓటు లెక్క సరదాగా ఉంటుంది. కేంద్రానికి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతులు, తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడొంతులు. లెక్క కట్టి చూడండి. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం లేకుండా నెగ్గలేవు, కేంద్రం ఒక్కటీ ఏమీ నెగ్గించుకోలేదు. ఎవరు పెద్ద అన్న మీ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి బొమ్మ ఇదే.

ఆసుపత్రి రాష్ట్రానిది కాబట్టే కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌ని ఒడిశా ఏళ్ళ తరబడి వద్దంది, తన పథకం తను నడుపుకుంది, ప్రభుత్వం మారాక 2025లో గానీ చేరలేదు. రేషనుది వేరే దారి. 2013 ఆహార భద్రత చట్టం కేంద్రానిది, అందుకే ఒడిశా కార్డుతో ఆంధ్రా డీలరు దగ్గర బియ్యం తీసుకోవచ్చు, రాష్ట్రం తన తరఫున అదనంగా ఇచ్చేవి మాత్రం రావు. రైలు సంగతి చెప్పక్కర్లేదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు బాట అది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయి గుణుపురం దాకా పోతోంది. మధ్యలో రాష్ట్రం మారిన సంగతి దానికి పట్టదు. బస్సుకి మాత్రం ప్రతి రాష్ట్రంలోనూ పర్మిటు, పన్ను.

రెండు చోట్ల మాత్రం వాటాల లెక్క పక్కకి పోయి ఢిల్లీ మాటే మాటవుతుంది. ఒకటి సరిహద్దు. మూడో అధికరణం కింద పార్లమెంటు మామూలు మెజారిటీతో రాష్ట్రాన్ని చీల్చగలదు, గీత జరపగలదు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ దానికి కట్టుబడక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర విభజన బిల్లుని తిప్పికొట్టింది, ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది, మనందరం టీవీల ముందు కూర్చుని చూసిందే. అయితే అధికారం ఉండటం వేరు, వాడటం వేరు. కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్ళు చూడండి. 21 పల్లెల మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది, యథాతథ స్థితి అన్నారు. 2006లో ఆ దావాని సాంకేతిక కారణంతో ముగించారు, తేలింది ఏమీ లేదు. 2021లో ఆంధ్రా వాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెక్కింది. గీత గీయగల ఒకే ఒక్క పార్లమెంటు ఈ రోజుకీ గీయలేదు. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నవాళ్ళు అక్కడ ఉన్నారు. రెండు ప్రభుత్వాలూ రోడ్డు వేస్తాయి కదా, అదృష్టవంతులని అనుకునేవాణ్ణి. అక్కడి పెద్దమనిషి ఒకాయన పోట్లాట కేసు పెట్టడానికి ఏ స్టేషనుకి వెళ్ళాలో తెలీక నా దగ్గరికొచ్చాక అలా అనుకోవడం మానేశాను. (ఇప్పుడు కొత్త చట్టం వచ్చాక, 2024 జులై 1 నుంచి, ఏ స్టేషనైనా ముందు జీరో ఎఫ్ఐఆర్ కట్టి తర్వాత బదిలీ చెయ్యాలి. "ఇది మా పరిధి కాదు" అంటే ఆ మాట గుర్తు చెయ్యండి.)

రెండోది నది. నీళ్ళు రాష్ట్రానివే, కానీ రెండు రాష్ట్రాల నది అయితే పార్లమెంటు చట్టం, ట్రిబ్యునల్. వంశధారకి 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది, నేరడి బ్యారేజీకి ఒప్పుకుంది. అది వేరే పెద్ద కథ, కాశీనగర్ రైతులెవరైనా అడిగితే విడిగా రాస్తాను.

మీ పనికి వద్దాం. ఇప్పుడేం చెయ్యాలంటే:

ఆంధ్రా సర్టిఫికెట్‌ని పారెయ్యకండి, మార్చుకోవడానికి ప్రయత్నించకండి. రైల్వే, బ్యాంకు, పోస్టాఫీసు, స్టాఫ్ సెలక్షన్, ఇలాంటి కేంద్ర కొలువులకి అదే ఆధారం. వలస వచ్చినవాళ్ళకి తండ్రి సర్టిఫికెట్ చూసి, పుట్టిన రాష్ట్రం పేరు రాసి, ఉంటున్న రాష్ట్రంలోనే సర్టిఫికెట్ ఇవ్వొచ్చని కేంద్ర హోంశాఖ 1982లోనే ఉత్తర్విచ్చింది. అది తీసుకున్నా ఒడిశా కోటా మాత్రం రాదు, అది పేపరు తెచ్చుకునే సౌకర్యం మాత్రమే. ఒడిశా నివాస సర్టిఫికెట్ కూడా తీసుకోండి, కానీ నివాసం వేరు, కులం వేరు, రెండోది మొదటిదాన్ని బట్టి మారదు.

పిల్లల గురించి బెంగ వద్దు. మీరు ఇక్కడి మనిషి, మీ కులం ఇక్కడి జాబితాలో ఉంది, మామూలుగా పిల్లలకి తండ్రి వైపు నుంచే చూస్తారు కాబట్టి వాళ్ళకి ఒడిశా సర్టిఫికెట్ వస్తుంది. మీ ఖతియాన్, మీ సర్టిఫికెట్ నకళ్ళు జతపరచండి, సరిపోతుంది.

కచేరీ చుట్టూ తిరిగే దళారీ ఎవరైనా "ఆవిడ ఇక్కడే పుట్టినట్టు కాగితం పుట్టిస్తాను" అంటే ఒప్పుకోకండి. నిలబడి గెలిచాక ఓడినవాళ్ళు ముందు తవ్వేది అదే. సర్టిఫికెట్ పోతుంది, పదవి పోతుంది, పైన క్రిమినల్ కేసు.

ఇక ఎన్నిక. రిజర్వుడు సీటుకి కాకపోయినా, జనరల్‌కో జనరల్ మహిళకో వచ్చిన స్థానానికి ఆవిడ నిస్సందేహంగా నిలబడొచ్చు. ఒడిశాలో పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే. పాతపట్నంలో ఓటు తీయించేసి ఇక్కడ చేర్పించండి. రెండు చోట్ల ఓటుండటం చట్టవిరుద్ధం, కొటియా వాళ్ళని చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. పంచాయతీ రాష్ట్రం సబ్జెక్టు కాబట్టి అర్హతల్లో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తిక్క. ఆంధ్రాలో ఇద్దరు పిల్లల నిబంధనని 2024లో ఎత్తేశారు, ఒడిశా చట్టంలో మాత్రం చాలా ఏళ్ళుగా ఉంది, నామినేషన్ ముందు తాజా నోటిఫికేషన్ చదివించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మనవాళ్ళు చివరి నిమిషం దాకా పట్టించుకోనిది: ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం సర్పంచ్‌గా నిలబడేవాళ్ళకి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. మాట్లాడటం వస్తే చాలదు. పర్లాకిమిడి బజారులో గడగడా ఒడియా మాట్లాడే తెలుగువాళ్ళని ఎంతమందినైనా చూపిస్తాను, కాగితం ముందు పెడితే వేలిముద్రకి చెయ్యి చాపుతారు.

ఇంకా టైముంది, ఇవాళే మొదలుపెట్టించండి. గుండ్రటి అక్షరాలు కాబట్టి తెలుగు చెయ్యి తొందరగానే తిరుగుతుంది. మా ఇంటావిడా ఆ గట్టు మనిషే. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా చిన్నాడపడుచు మూడో తరగతి పుస్తకం ముందేసుకుని, బస్సుల బోర్డులు చదువుకుంటూ మూణ్ణెల్లలో నేర్చేసుకుంది. ఇప్పుడు పాలవాడి లెక్క ఒడియాలో, అప్పడాల కొలతలు తెలుగులో రాస్తుంది, నాకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి.